మూడేళ్లు పోకర్ సాఫ్ట్‌వేర్లతో: ఏది నేర్పింది, ఏది నేర్పినట్టు నటించింది

ఆన్‌లైన్ పోకర్ మొదలుపెట్టిన కొత్తలో నా స్ట్రాటజీ అంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ముక్కలు బాగుంటే రైజ్ (పందెం పెంచడం), అంతంతమాత్రంగా ఉంటే కాల్ (ఎదుటివాడి పందెమంతే పెట్టడం) చేసి చూద్దాం. ఆ "చూద్దాం" ఖరీదు ఎంతో తెలిసింది ట్రాకర్ కొన్నాకే.

పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి ట్రాకర్లు మనం ఆడిన ప్రతి హ్యాండ్‌నీ (ఒక్కో పంపకం ఆటనీ) దాచి లెక్కలు కడతాయి. ముందు చూడాల్సినవి రెండే అంకెలు. ఫ్లాప్ (టేబుల్ మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) రాకముందు మనంతట మనం ఎన్ని శాతం హ్యాండ్స్‌లో డబ్బు పెడుతున్నామో చెప్పేది వీపీఐపీ, ఎన్నిట్లో రైజ్ చేస్తున్నామో చెప్పేది పీఎఫ్ఆర్. ఆరుగురి టేబుల్‌లో బాగా ఆడేవాళ్లకు ఇవి సుమారుగా 24, 19 దగ్గర ఉంటాయి. నావి 34, 11. అంటే నేను ఆడుతున్న హ్యాండ్స్‌లో మూడింట రెండు వంతులు ఊరికే కాల్ చేసి దూరినవే.

ఒక రాత్రి ఫిల్టర్లతో ఆడుకుంటూ స్మాల్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే చిన్న పందెం తప్పనిసరిగా పెట్టాల్సిన సీటు; దాని పక్క సీటు పెట్టే పెద్ద పందెం బిగ్ బ్లైండ్) కూర్చుని ఎవరో రైజ్ చేస్తే కాల్ చేసిన హ్యాండ్స్ మాత్రమే విడిగా తీశాను. వాటిలో సగటున ఒక్కో హ్యాండ్‌కి 0.7 బిగ్ బ్లైండ్ పోగొట్టుకున్నాను. స్మాల్ బ్లైండ్‌లో ఏమీ ఆడకుండా ఫోల్డ్ చేస్తే (ముక్కలు పడేస్తే) పోయేది 0.5. అంటే ఫోల్డ్ బటన్ నొక్కి పక్కన కూర్చున్నా నాకన్నా బాగా ఆడినట్టే! ఆ రోజు నుంచి ఆ స్థానంలో అయితే మళ్లీ రైజ్, లేదా ఫోల్డ్. మూడేళ్లలో నాకు ఎక్కువ డబ్బు మిగిల్చిన పాఠం ఇదే, దీనికి సాల్వర్ (సరైన ఆట ఏదో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) అవసరం కూడా పడలేదు.

ట్రాకర్ అంకెల్ని నమ్మి బోర్లాపడిన సంగతీ చెప్పాలి. మొదటి 10,000 హ్యాండ్స్‌కి అది నన్ను 100 హ్యాండ్స్‌కి 6 బిగ్ బ్లైండ్ల లాభంలో చూపించింది. ఎగిరి గంతేసి పై స్థాయి టేబుల్స్‌కి వెళ్లాను. 10,000 హ్యాండ్స్‌లో అదృష్టం ఒక్కటే ఆ అంకెను సులువుగా 9 దాకా అటో ఇటో లాగేయగలదని అప్పుడు తెలియదు. టేబుల్ మీద ఎదుటివాళ్ల అంకెలు చూపించే హడ్‌తోనూ ఇదే గొడవ. "మళ్లీ రైజ్ చేస్తే 100% ఫోల్డ్ చేస్తాడు" అని కనిపిస్తే ఆశగా రైజ్ చేశాను, అతను ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టడం) అన్నాడు. తర్వాత చూస్తే ఆ 100 శాతం వెనక ఉన్నవి రెండే హ్యాండ్స్. కాకిలెక్క అంటే ఇదే. కొన్ని సైట్లు హడ్‌ని అసలు ఒప్పుకోవు కూడా.

గెలుపు అవకాశం లెక్కకట్టే ఈక్విటీ కాలిక్యులేటర్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఈక్విలాబ్ ఉచితం, రెండు నెలలు గట్టిగా వాడితే చాలు. ఒకే రంగు ఆసు, రాజు పట్టుకుంటే రాణుల జత మీద గెలుపు అవకాశం 46% అని, టర్న్ (టేబుల్ మీది నాలుగో ముక్క) తర్వాత ఫ్లష్‌కి (ఒకే రంగు ఐదు ముక్కలకి) ఒక్క ముక్క కావాలంటే మిగిలిన 46లో 9 మాత్రమే పనికొస్తాయని కొన్నాళ్లకు నోటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత దాన్ని తెరిచిన రోజులు తక్కువ.

అసలు కథ సాల్వర్‌ది. ఇద్దరు ఆటగాళ్ల చేతిలో ఏయే ముక్కలు ఉండొచ్చో, ఎంతెంత బెట్ చేయొచ్చో మనం ఇస్తాం. అది తనతో తానే ఆడుకుంటూ, ప్రతిసారీ తప్పు సరిదిద్దుకుంటూ, ఇద్దరిలో ఎవరూ ఆట మార్చుకుని లాభపడలేని చోటికి వస్తుంది. ఇద్దరు ఆడే, పందెం ఎంతో ముందే ఖాయమైన లిమిట్ హోల్డెమ్ పోకర్‌ని అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు దాదాపు పూర్తిగా తేల్చేశామని 2015లో ప్రకటించారు. మనం ఆడే, ఎంతైనా పందెం పెట్టగల నో లిమిట్ అంత చిన్నది కాదు కాబట్టి, సాల్వర్ చెప్పే జవాబు మనం పెట్టిన హద్దుల్లోనే నిజం. ఈ మాట నాకు బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది.

ఒక హ్యాండ్ చెప్తాను. నేను బిగ్ బ్లైండ్‌లో ఉన్నాను, చేతిలో ఆఠీను రాజు, ఇస్పేటు పది. బటన్ (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడే సీటు) మీదున్నతను రైజ్ చేశాడు, కాల్ చేశాను. ఫ్లాప్‌లో డైమన్ రాజు, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు. టర్న్‌లో కళావరు ఆరు, రివర్‌లో (ఐదోది, చివరి ముక్క) ఆఠీను రెండు. అతను మూడుసార్లూ బెట్ చేశాడు, చివర్లో 40 ఉన్న పాట్‌లోకి (మధ్యలో పోగైన డబ్బులోకి) 40. కాల్ దండగ కాకుండా ఉండాలంటే మూడింట ఒకసారి గెలవాలి. రాజుల జత ఉంది కదా అని కాల్ చేశాను. అతను నాలుగుల జత చూపించాడు, బోర్డు మీది నాలుగుతో కలిపి మూడు నాలుగులు.

సాల్వర్‌లో పెడితే అది అన్న మాట: పది ఇస్పేటు కాకుండా కళావరు అయితే కాల్, ఇస్పేటు అయితే ఎక్కువగా ఫోల్డ్. మొదట నవ్వొచ్చింది, పది ఏ రంగైతే ఏంటి? కాగితం తీసుకుని రాశాను. ఇక్కడ అతను బ్లఫ్ చేసేది ముఖ్యంగా ఇస్పేటు ఫ్లష్ కోసం చూసి రాని హ్యాండ్స్‌తో. ఇస్పేటు పది నా చేతిలో ఉంటే ఇస్పేట్లలో ఆసు-పది, రాణి-పది, జాకీ-పది, పది-ఎనిమిది అతని దగ్గర ఉండే వీల్లేదు. అతను బ్లఫ్ చేసే ముక్కల్ని నేనే పట్టుకుని కూర్చుని, బ్లఫ్ అయ్యుంటుందిలే అని కాల్ చేశానన్నమాట.

ఇంకో మెట్టు ఎక్కి, రివర్‌లో అతను సాల్వర్ అనుకున్నంత బ్లఫ్ చేయడని లాక్ చేసి మళ్లీ నడిపాను. కళావరు పదితో కూడా ఫోల్డ్ అంది! నేను ఆడే చిన్న టేబుల్స్‌లో రివర్‌లో పాట్ అంత బెట్ వచ్చిందంటే ఎక్కువమంది దగ్గర సరుకు ఉన్నట్టే. కాబట్టి నా టేబుల్‌కి పనికొచ్చే జవాబు ఆ రెండోదే.

హ్యాండ్స్ ఇచ్చి మన జవాబులకు మార్కులు వేసే ట్రైనర్ సాఫ్ట్‌వేర్ల మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. నెలనెలా డబ్బు కట్టి వాడిన ఒకదాంట్లో స్కోరు 90 దాటింది, టేబుల్ మీద ఫలితం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఎందుకంటే అందులో అందరూ ఎప్పుడూ 100 బిగ్ బ్లైండ్లతో కూర్చుంటారు, ఫ్లాప్‌కి ఇద్దరే మిగులుతారు. నా టేబుల్‌లో నలుగురు మిగులుతారు, ఒకడు పాట్‌లో పదో వంతు బెట్ చేస్తాడు. పైగా ఏ ముక్కలతో ఏం చేయాలో చెప్పే, నేను బట్టీ పట్టిన చార్టులు సైటు పాట్‌లోంచి తన వాటాగా కోసుకునే రేక్‌ని లెక్కలోకే తీసుకోలేదు. చిన్న టేబుల్స్‌లో రేక్ భారం ఎక్కువ, వాటిని నమ్మి బిగ్ బ్లైండ్‌లో చెత్త ముక్కలన్నీ కాల్ చేశాను.

ఆడుతుండగా సాల్వర్ తెరిచి ఉంచడం మోసం కిందే లెక్క, సైట్లు అకౌంట్ మూసేస్తాయి. అందుకే కూర్చునే ముందు అన్నీ ఆపేస్తాను. చదువు ఆదివారం పొద్దున, ఐదే హ్యాండ్స్. నా జవాబు ముందు నోట్‌బుక్‌లో రాసి, తర్వాతే సాల్వర్ నడుపుతాను. ముందు రాయకపోతే, దాని జవాబు చూశాక "నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది, ఎన్నిసార్లు మోసపోయానో!

మొన్న ఆదివారం ఒక హ్యాండ్‌కి కాల్ అని రాశాను, సాల్వర్ 55% ఫోల్డ్, 45% కాల్ అంది. రెండేళ్ల క్రితమైతే ఆ 55ని బట్టీ పట్టేవాణ్ణి. రెండింటిలో సగటున వచ్చేదానికి తేడా ఎంతో చూశాను, సున్నా. పేజీ తిప్పి తర్వాతి హ్యాండ్‌కి వెళ్లాను.