హైదరాబాద్‌లో పాత ఆట కార్డులు: ఎవరిని నమ్మి కొనొచ్చు?

బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆటగాళ్ల బొమ్మలు, అమెరికా నుంచి వచ్చిన బేస్‌బాల్ కార్డులు కొందామని హైదరాబాద్ బయల్దేరేవాళ్లకి ముందే ఒక మాట. పాత కార్డుల కోసమే బోర్డు పెట్టుకున్న దుకాణం నాకెక్కడా కనబడలేదు. ఇక్కడ అవి వేరే సరుకు చాటున దొరుకుతాయి. పాత పుస్తకాల గుట్టల్లో, స్టాంపులూ నాణేలూ అమ్మేవాళ్ల ఆల్బమ్‌లలో, ఖాళీ చేసిన ఇళ్ల సామాను కొనుక్కొచ్చేవాళ్ల రేకు డబ్బాల్లో. అమ్మేవాడికే తన దగ్గరున్నదేమిటో తెలియకపోవడం మామూలు. దానివల్ల అప్పుడప్పుడు మనకి లాభం, ఎక్కువసార్లు నష్టం.

మేము రాజమండ్రి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి పొద్దున్నే నాంపల్లిలో దిగుతాం. శనివారం దిగేలా చూసుకుంటే మంచిది. ఆ రోజు ఆబిడ్స్ జీపీఓ (పెద్ద పోస్టాఫీసు), కోఠి, చార్మినార్ వైపు తిరగొచ్చు, మర్నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. సంచిలో మూడు వస్తువులు ఉండాలి: కంసాలి వాడేలాంటి చిన్న భూతద్దం, మిల్లీమీటర్లున్న స్కేలు, దొంగనోట్లు చూసే నీలం టార్చి. వీటిని బయటికి తీయగానే దుకాణదారు మొహం చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఆదివారం ఆబిడ్స్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే సరుకు ఎక్కువ అక్కడే. పెద్ద షాపులకి సెలవు కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు నవలలు దాటుకుంటూ వెళ్తే పాత స్పోర్ట్‌స్టార్ సంచికలు కనిపిస్తాయి. 1978లో మొదలైన పత్రిక అది. మధ్య పేజీలో వచ్చే పోస్టరు కోసం అప్పట్లో ఇళ్లలో అన్నదమ్ములు కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు కొందరు ఆ బొమ్మల్నే కార్డు సైజులో కత్తిరించి, లామినేషన్ చేసి, పాత కార్డులంటూ అమ్ముతున్నారు. లామినేషన్ చేసినది ఏదైనా సరే కొనకండి. నిజమైన కార్డయినా లామినేషన్ చేశాక దానికి విలువ పోతుంది, ఆ ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితం కూడా ఊడొస్తుంది.

తొంభైల నాటి ట్రంప్ కార్డులు, అంటే ఆటగాళ్ల స్కోర్లు పోల్చి ఆడుకునేవి, మాత్రం ఇక్కడ బాగానే దొరుకుతాయి. రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి కాబట్టి అంచుల మీద గాట్లు తప్పవు. వీటి వయసు పోల్చడానికి టార్చి కూడా అక్కర్లేదు, కార్డు మీది అంకెలు చాలు. సచిన్‌కి వన్డేల్లో మొదటి సెంచరీ 1994 సెప్టెంబరులో, కొలంబోలో ఆస్ట్రేలియా మీద వచ్చింది. వన్డే సెంచరీలు రెండో మూడో అని అచ్చేసి ఉంటే ఆ కార్డు 1992 ప్రపంచ కప్ నాటిది కాలేదు. మన లక్ష్మణ్ కార్డయితే ఇంకా సులువు. టెస్టుల్లో అత్యధిక స్కోరు 167 అని ఉంటే అది 2000 జనవరి సిడ్నీ ఇన్నింగ్స్ తర్వాతది, అంకెలు మాత్రం 2001 మార్చి కోల్‌కతా టెస్టుకి ముందువి. 281 అని ఉంటే ఆ తర్వాతది. కంపెనీలు పాత అంకెల్నే మళ్లీ మళ్లీ అచ్చేసేవి కాబట్టి కార్డు అంతకంటే కొత్తదై ఉండొచ్చు గానీ పాతదయ్యే వీల్లేదు.

ఒకాయన నాకు సచిన్ ఉన్న సెట్టు చూపించి, "తొంభై రెండుది సార్, సెట్టు ఆరు వందలు" అన్నాడు. కార్డు వెనక సెంచరీల లెక్క చూపించి, ఇది ఆ ఏడాదిది కాదన్నాను. ఆయనేం తడబడలేదు. "అయితే నాలుగొందలు ఇయ్యున్రి" అని నవ్వాడు. ఫుట్‌పాత్ మీద నాకు నచ్చేది ఇదే. అబద్ధం చెప్పినా దాన్ని పట్టుకుని వేలాడరు. బిల్లు ఉండదు, తిరిగి తీసుకోవడం ఉండదు, వచ్చే ఆదివారం అదే మనిషి అదే చోట ఉంటాడన్న నమ్మకమూ లేదు. పోయినా బాధపడనంత డబ్బుకే అక్కడ బేరం.

బిగ్ ఫన్ బబుల్ గమ్ కార్డుల కోసం చాలామంది వెతుకుతుంటారు. వాటి మీద పరుగులు, వికెట్లు వేసి ఉండేవి. పోగుచేసి ఇస్తే షాట్ కొడుతున్నట్టు బొమ్మ కదిలే ఫ్లిప్ బుక్ ఇచ్చేవారు. అంటే పిల్లలు కార్డుల్ని దాచుకోవడానికి కాదు, ఇచ్చేయడానికి పోగేశారు. మిగిలినవి ఎవరో కావలసినన్ని పరుగులు పోగుచేయలేకపోయినవి. మడత, జిగురు మరక లేకుండా తళతళలాడే బిగ్ ఫన్ కార్డుల కట్ట ఎవరైనా చూపిస్తే ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇక అమెరికా సరుకు. ఈ ఊళ్లో ప్రతి వీధికీ ఒక అమెరికా చుట్టం ఉంటాడు కాబట్టి, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కార్డుల డబ్బాలు పాత సామానుతో పాటు బజారుకి వస్తుంటాయి. టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు 2022 ఆగస్టు వేలంలో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి పోయిందన్న వార్త యూట్యూబ్ పుణ్యమా అని ఫుట్‌పాత్ దాకా చేరింది. దాంతో బేస్‌బాల్ బ్యాటు కనబడితే చాలు వేలల్లో చెబుతున్నారు. అసలు సంగతేమిటంటే ఎనభైల చివర, తొంభైల మొదట్లో అమెరికాలో ఈ కార్డులు విపరీతంగా అచ్చేశారు. అందరూ దాచుకున్నారు కాబట్టి ఆ ఏళ్ల కార్డుల్లో ఎక్కువవాటికి అక్కడే గిరాకీ లేదు. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ సెట్టులోని మైకేల్ జోర్డన్ కార్డు వేరు సంగతి. 132 కార్డుల సెట్టులో 57వ నంబరు అది. దానికి గిరాకీ ఎంతో నకళ్లూ అన్నే. దాన్ని ఈ ఊళ్లో ఫుట్‌పాత్ మీద కొనాలనుకోవడం ధైర్యం కాదు, పిచ్చి.

కోఠి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పాఠ్యపుస్తకాలే అంతా. సుల్తాన్ బజార్ మెట్రో దగ్గర దిగి ఓ చుట్టు చుట్టి, గోకుల్ చాట్ తిని వచ్చేయొచ్చు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫోన్లూ ఫర్నిచరూ దండిగా ఉంటాయి, కాగితం సరుకు తక్కువ. జుమేరాత్ బజార్‌లో వస్తువు ఎక్కణ్నించి వచ్చిందని అడిగితే మాట మార్చేస్తారు, అందుకని నేను అటు పోను.

చార్మినార్ దగ్గర చౌక్ గడియార స్తంభం ఉంది చూశారూ, ముర్గీ చౌక్ అంటారు, ఆ చుట్టుపక్కల పాత వస్తువుల దుకాణాల్లో సిగరెట్ కార్డులు తగులుతాయి. ఇంగ్లండ్ సిగరెట్ కంపెనీలు పల్చటి ప్యాకెట్టు వంగిపోకుండా పెట్టిన ముక్కలివి. జాన్ ప్లేయర్ కంపెనీ 1934లో వేసిన క్రికెటర్ల సెట్టులో 50 కార్డులు. బ్రాడ్‌మన్ ఉంటాడు, పటౌడీ నవాబు ఉంటాడు. టైగర్ పటౌడీ కాదు, వాళ్ల నాన్న. యుద్ధకాలంలో కాగితం కరువొచ్చి 1940లో ఈ కార్డులు ఆగిపోయాయి. తర్వాత చాలా సెట్లని మళ్లీ అచ్చేశారు. నకలు అని వెనక రాసి అమ్మితే అది తప్పేం కాదు. ఆ వెనక వైపు కనబడకుండా ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తేనే చిక్కు.

సరిగ్గా అలాంటి ఫ్రేమే ఒక దుకాణంలో చూశాను. ధర పద్దెనిమిది వేలు. టార్చి వేస్తానన్నాను, సరేనన్నారు గానీ అద్దం అడ్డం. ఫ్రేము విప్పమంటే, "విప్పితే మీరే కొనాలి" అన్నారు. పక్కకి తిరిగి ఉన్న కార్డు అంచు మీద వెలుతురు పడేలా పట్టుకుంటే అట్ట నీలంగా, తెల్లగా మెరిసింది. కాగితం తెల్లగా కనబడడానికి కలిపే రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. అసలైన 1934 అట్ట ఆ వెలుతురులో మట్టిరంగులో ఉండిపోవాలి. మెరవనంత మాత్రాన అసలుదని కాదు, మెరిస్తే మాత్రం కాదనే. నమస్కారం పెట్టి బయటికొచ్చి నిమ్రాలో టీ తాగాం.

నమ్మకమైన మనిషి దొరికింది జీపీఓ పుణ్యాన. అక్కడ స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. 1996లో సి.కె. నాయుడు బొమ్మతో వచ్చిన స్టాంపు గురించి వాకబు చేస్తుంటే పక్కనున్న, స్టాంపులు సేకరించే ఒకాయన, "పాత కాగితం కావాలంటే ఫలానా మేడ మీదికి వెళ్లండి" అన్నారు. పేరు రాయను. ఆ పెద్దాయన ఒక్కరే కూర్చునే గది, జనం పెరిగితే ఆయనకే ఇబ్బంది.

ఆయన చేసిన మొదటి పని టేబుల్ లైటు నా వైపు తిప్పడం. సిగరెట్ కార్డుల ఆల్బమ్ ముందుపెట్టి, "గిది అసలుదే అని నేను రాసియ్య. సికింద్రాబాద్‌ల ఒక ఇంట్ల దొరికింది, గంతే నాకు ఎరుక. మంచిగ చూస్కోండ్రి" అన్నారు. నేను స్కేలు తీస్తే నవ్వి తన స్కేలు ఇచ్చారు. ఈ రకం కార్డులు సుమారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 68 పొడుగు ఉంటాయి. నలిగిన అంచుని కత్తిరించి కొత్తగా చేస్తే ఒక వైపు తగ్గిపోతుంది. రెండు కార్డులు తగ్గాయి. వాటిని ఆయనే పక్కకి తీసేశారు. మూల మడత పడ్డదానికి ధర ఆయనే తగ్గించారు.

పాత సరుకు అమ్మే ఎవరినైనా నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇదే కార్డు రేపు నేను తీసుకొస్తే ఎంతకి కొంటారు? మోసగాడు అదే ధరకి కొంటానంటాడు, లేదా కోప్పడతాడు. ఈయన ఆలోచించి, "సగం ఇస్త. దుకాణం నడవాల్నా వద్దా" అన్నారు. బిల్లు మీద కార్డుల పేర్లు, ఉన్న లోపాలు, పదిహేను రోజుల్లో తిరిగి తీసుకుంటానన్న మాట రాసిచ్చారు. పటౌడీ నవాబు ఆ బిల్లుతోనే మా ఇంటికొచ్చాడు.

కొండాపూర్‌లో ఉండే మా మేనల్లుడికి ఈ తిరుగుడంతా చాదస్తం. "మామయ్యా, గ్రేడింగ్ కంపెనీ మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసినవి కొంటే టెన్షన్ ఉండదు కదా" అంటాడు. గచ్చిబౌలి వైపు కొత్త కార్డులు అమ్మే ఒక చోటుకి తీసుకెళ్లాడు. ఏసీ, తళతళలాడే అద్దాల అల్మరాలు, పనిచేసే కుర్రాళ్లు మర్యాదస్తులే. డబ్బా మీది నంబరు గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో సరిచూస్తామంటే ఫోన్ వైఫై కూడా ఇచ్చారు. డబ్బాలకీ నకళ్లున్నాయి కాబట్టి నంబరుతో పాటు సైట్‌లో ఉన్న ఫోటోతో కార్డు గీతలూ మచ్చలూ పోల్చుకోవాలి. అయితే ఒక ఫుట్‌బాల్ కార్డుకి ఆ సైట్‌లో ఫోటో లేదు, ఎక్కడ కొన్నారని కుర్రాళ్లని అడిగితే జవాబూ లేదు. మావాడికి ఒక కథ చెప్పాను. అమెరికా గ్రేడింగ్ కంపెనీ పీఎస్ఏ 1991లో మొట్టమొదట గ్రేడ్ ఇచ్చిన, బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు, పదికి ఎనిమిది వచ్చినది, అంచులు కత్తిరించినదని 2013లో ఆ పని చేసిన డీలరే ఒప్పుకున్నాడు. మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత వేరే కార్డు కొన్నాడు.

బస విషయానికొస్తే ఆబిడ్స్, నాంపల్లి వైపే ఉండడం సుఖం. ఆదివారం పొద్దున నడిచి వెళ్లొచ్చు, కొన్నవి గదిలో పెట్టి మళ్లీ రావొచ్చు. స్టేషన్ దగ్గర లాడ్జీల్లో గది తీసుకునే ముందు గోడలు తడిమి చూడండి. ఒకచోట 1,400 రూపాయల గదిలో ఏసీ నీళ్లు గోడ వెంట కారుతున్నాయి. చెబితే బకెట్ పంపించారు! కార్డులకి చెమ్మ తగిలితే మూలలు పొరలుగా విడిపోతాయి, అందుకని రాత్రే గది మారాం. గచ్చిబౌలి హోటళ్లు శుభ్రంగా ఉంటాయి, కానీ రెండు వైపులా క్యాబ్ డబ్బులతో ఒక కార్డు వస్తుంది. టిఫిన్‌కి ఆబిడ్స్ తాజ్ మహల్, మధ్యాహ్నం బిర్యానీకి గ్రాండ్. ఆ రెంటి మధ్యే బజారంతా ఉంది.

కొన్నవాటిని మెత్తటి కవర్లో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య ఇరికించి చేతిసంచిలోనే తెచ్చుకోండి. స్టేషనరీ షాపుల్లో దొరికే వాసనొచ్చే పీవీసీ కవర్లు వద్దు, అవి కొన్నేళ్లకి జిగురుపట్టి బొమ్మని లాగేస్తాయి.

మేడ మీది పెద్దాయన దగ్గరికి సంక్రాంతి తర్వాత ఇంకో ఆల్బమ్ రావాలట. అప్పటికి నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తుంటుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో ఆటో దొరకడమే గగనం, గదుల మాట అడగొద్దు. ఈసారి సికింద్రాబాద్‌లో దిగి పరేడ్ గ్రౌండ్ దగ్గర గది చూసుకుంటాం. అక్కణ్నించి గ్రీన్ లైన్ మెట్రో నేరుగా సుల్తాన్ బజార్‌లో దింపుతుంది.