బుడాపెస్ట్‌లో పొద్దున పరుగు, పగలంతా తిరుగుడు

బుడాపెస్ట్ వెళ్తున్నాం, ఎక్కడ దిగమంటారు అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: మీరు పొద్దున్నే లేస్తారా, రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతారా? రాత్రి తిరిగేవాళ్లకైతే ఏడో వార్డు బాగుంటుంది. పాత యూదుల పేట అది, పాడుబడ్డ భవనాల్లో పెట్టిన పబ్బులతో అర్ధరాత్రి దాటినా సందడిగా ఉంటుంది. పొద్దున పరిగెత్తే అలవాటున్నవాళ్లు మాత్రం మార్గరెట్ వంతెన దగ్గర, పెస్ట్ వైపున (నదికి తూర్పు ఒడ్డున) ఉన్న యాసయి మారి చౌరస్తా చుట్టుపక్కల చూసుకోండి. మేం అక్కడే ఒక అపార్ట్‌మెంట్‌లో దిగాం. జనం కాపురాలుండే వీధులు. 4, 6 నంబర్ల ట్రామ్‌లు ఇక్కడ ఆగుతాయి, 6 రాత్రంతా నడుస్తుంది. పార్లమెంటుకు నడిచి వెళ్లిపోవచ్చు.

గదుల గురించి ఒక మాట. ఈ ఊళ్లో పాత ఇళ్లన్నీ మధ్యలో వాకిలి వదిలి, చుట్టూ నాలుగైదు అంతస్తులు లేపి కట్టినవి. ఆ లోపలి వాకిలి వైపు కిటికీ ఉన్న గది అడిగి తీసుకోండి. వెలుతురు కాస్త తక్కువైనా ట్రామ్ చప్పుడు వినపడదు, నిద్ర బాగా పడుతుంది. మా ఇంటివాళ్లు బుకింగ్‌లో చూపిన రేటు మీద క్లీనింగ్ ఛార్జీ అని ఇంకొంత తీసుకున్నారు. అది ముందే చెప్పి ఉండాల్సింది. ఇల్లు మాత్రం శుభ్రంగా ఉంది, వంటకు స్టవ్, గిన్నెలు అన్నీ ఉన్నాయి.

ఇక పరుగు. డాన్యూబ్ నది మధ్యలో, మార్గరెట్ వంతెనకూ ఆర్పాద్ వంతెనకూ నడుమ మార్గరెట్ ద్వీపం ఉంది. పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు. దీని అంచు వెంబడి చుట్టూ రబ్బరు ట్రాక్ వేశారు. ఒక చుట్టు సుమారు 5.3 కిలోమీటర్లు. ఫీజు లేదు, గేటు లేదు, మామూలు కార్లను లోపలికి రానివ్వరు. మే నెలలో ఐదున్నరకే బాగా తెల్లవారిపోతుంది. నేను ఆ వేళకే వంతెన ఎక్కాను. 1876లో తెరిచిన ఈ వంతెన సరిగ్గా మధ్యలో వంగి ఉంటుంది. ద్వీపం కొసన నది రెండు పాయలు కలిసే చోటు ఇది కాబట్టి, ఒక్కో పాయ మీద అడ్డంగా కట్టడానికి అలా వంచారు. ఆ వంపు దగ్గరే ద్వీపానికి దారి.

ట్రాక్ మీద మొదటి కిలోమీటరుకే మోకాళ్లకు తేడా తెలిసిపోయింది. మనూళ్లలో తారు రోడ్డు మీద, పార్కుల్లో సిమెంటు పలకల మీద పరిగెత్తి అలవాటైన కాళ్లకు ఇది నిజంగా సుఖం. ఒకవైపు నీళ్లు, ఒకవైపు పెద్ద చెట్లు. నా పక్క నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దాయన తీరుబడిగా, ఒకే వేగంతో పరిగెత్తుకుంటూ వెళ్లిపోయారు. ఆడవాళ్లు ఒంటరిగా, చెవుల్లో పాటలు పెట్టుకుని నిశ్చింతగా పరిగెడుతున్నారు. ఒంటరిగా పరిగెత్తే ఆడదాన్ని కాబట్టి చెప్తున్నా, తెలియని ఊళ్లో వెనక్కి చూసుకోకుండా పరిగెత్తగలగడం చాలా పెద్ద విషయం.

ఒక చుట్టు అయ్యాక ట్రాక్ దిగి లోపలి దారిలో నడిచాను. తూర్పు వైపున డొమినికన్ సన్యాసినుల మఠం పునాదులు కనిపిస్తాయి, మోకాలెత్తు గోడలు, గడ్డి. 1241లో మంగోలులు హంగరీ మీద పడ్డప్పుడు, దేశం బతికితే కూతుర్ని దేవుడికి ఇస్తానని బేలా 4 రాజు మొక్కుకున్నాడట. ఆ కూతురే మార్గరెట్, చిన్నప్పటి నుంచే మఠంలో పెరిగి ఇక్కడే చనిపోయింది. ద్వీపానికి ఆమె పేరే. మధ్యాహ్నం అద్దె సైకిళ్లతో, పిల్లలతో నిండిపోయే ఈ చోటు పొద్దున ఆరున్నరకు ఖాళీగా ఉంటుంది. చూడాలంటే అప్పుడే చూడాలి.

ఇంటికొచ్చి స్నానం, టిఫిన్ అయ్యాక ఇద్దరం 4–6 ట్రామ్‌లో సేల్ కాల్మాన్ చౌరస్తాకు వెళ్లి, అక్కడ 16 నంబరు బస్సు ఎక్కి కోట కొండ మీద దిగాం. మథియాస్ చర్చి పైకప్పు మీద రంగురంగుల జోల్నాయ్ పెంకులు ఎండలో మెరుస్తుంటే మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. పక్కనే ఫిషర్‌మెన్స్ బాస్టియన్. హంగరీ వాళ్ల పూర్వీకులైన ఏడు మగ్యార్ తెగలకు గుర్తుగా ఏడు బురుజులు. చూడ్డానికి మధ్యయుగం నాటిదిలా ఉన్నా కట్టింది 1895–1902 మధ్య. పై వరండాకు పగటి వేళ టికెట్ ఉంది. కొనకండి. కింది మెట్ల మీద నుంచి అదే నది, అదే పార్లమెంటు ఉచితంగా కనిపిస్తాయి.

కొండ దిగి చెయిన్ బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి, పైకి తీసుకెళ్లే కేబుల్ రైలుకు పెద్ద క్యూ. "ఇంత ఎండలో ఎవరు నిలబడతారే, మనం బస్సులో రావడమే మంచిదైంది" అన్నారు మా ఆయన. నా మాటా అదే. ట్రామ్, బస్సుల పాసు ఆ రైలుకు చెల్లదు, విడిగా టికెట్ కొనాలి, ప్రయాణం ఒకటి రెండు నిమిషాలే.

1849లో తెరిచిన చెయిన్ బ్రిడ్జిని 1945లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం పేల్చేసింది. మళ్లీ కట్టి సరిగ్గా నూరేళ్లకు, 1949లో తెరిచారు. ఇప్పుడు సొంత కార్లకు అనుమతి లేదు కాబట్టి హాయిగా నడవొచ్చు. దాటి ఎడమకు తిరిగి నది ఒడ్డునే పార్లమెంటు వైపు వెళ్తే, గట్టు అంచున ఇనుప చెప్పులు, బూట్లు కనిపిస్తాయి, అరవై జతలు. 1944–45 చలికాలంలో యారో క్రాస్ అనే ఫాసిస్టు దళం యూదులను ఇక్కడికి తెచ్చి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలోకి తోసింది. 2005లో పెట్టిన స్మారకం ఇది. ఒక చిన్నపిల్ల బూటులో ఎవరో గులకరాయి, ఎండిన గులాబీ పెట్టారు. మడమ దగ్గర ముడతలు కూడా నిజం తోలుకు పడ్డట్టే చెక్కారు. దాని పక్కన కూర్చుని సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లను చూస్తే బాధేసింది. దయచేసి అక్కడ ఆ పని చేయకండి.

పార్లమెంటు లోపలికి మాత్రం డబ్బు పెట్టండి. యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు టికెట్ చాలా ఎక్కువ, అయినా దండగ కాదు. కొన్ని రోజుల ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, అప్పటికప్పుడు దొరకడం కష్టం. గైడు వెంట ముప్పావుగంట సేపు, చెవిలో ఆడియో. గోపురం ఎత్తు 96 మీటర్లు, మగ్యార్లు ఇక్కడికి వచ్చిన 896వ సంవత్సరానికి గుర్తుగా. కట్టించిన శిల్పి ఇమ్రే స్టెయిండ్ల్ పని పూర్తి కాకముందే 1902లో చనిపోయాడు. గోపురం కింద హంగరీ రాజుల కిరీటం ఉంది, దాని మీది శిలువ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేతికి చిక్కి, 1978లో తిరిగొచ్చింది. ఫొటోలు తీయనివ్వరు. నాకు అంతకన్నా గుర్తుండిపోయినవి సభ బయటి కారిడార్‌లో కిటికీల దగ్గర ఉన్న ఇత్తడి పట్టీలు. సభ్యులు లోపలికి వెళ్తూ కాలుతున్న చుట్ట పెట్టి వెళ్లడానికి ఒక్కో గాడికి ఒక్కో నంబరు.

సాయంత్రం పసుపు రంగు మెట్రోలో సేచెని స్నానశాలకు వెళ్లాం. ఆ మెట్రో 1896 నాటిది, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటిది. పెట్టెలు చిన్నవి, స్టేషన్లలో తెల్ల టైల్స్, చెక్క కిటికీలు. స్నానశాల 1913 నాటిది. ఆరుబయట వేడినీళ్ల కొలనులో మెడదాకా మునిగి కొందరు చదరంగం ఆడుకుంటున్నారు. పొద్దున పరిగెత్తిన కాళ్లకు ఇంతకన్నా మంచి మందు లేదు. తువ్వాలు, రబ్బరు చెప్పులు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ కొంటే ఖరీదు. గుడ్డలు మార్చుకోవడానికి లాకర్ కన్నా క్యాబిన్ తీసుకోవడం ఆడవాళ్లకు సౌకర్యం.

శాకాహారులకు తిండి దొరుకుతుంది. పుల్లటి మీగడ, చీజ్ వేసిన లాంగోష్ మన పూరీ కన్నా మందం, నూనె కూడా ఎక్కువే, ఇద్దరికి ఒకటి చాలు. పాప్రికా అనే మిరప పొడి వేసి చేసే పుట్టగొడుగుల కూర, పాప్రికాష్ బాగుంది. కార్డుతో కట్టేటప్పుడు మెషిన్ యూరోల్లోనా, అక్కడి డబ్బు ఫోరింట్లలోనా అని అడిగితే ఫోరింట్లే నొక్కండి, లేకపోతే రేటు దగ్గర నష్టపోతారు. విమానాశ్రయం నుంచి వచ్చే 100ఈ బస్సుకు మామూలు టికెట్ చాలదు, విడిగా కొనాలి.

మర్నాడు యాసయి మారి చౌరస్తాలోనే మొదలయ్యే 2 నంబరు ట్రామ్ ఎక్కి, నది పక్కనే వెళ్తూ 1897 నాటి పెద్ద మార్కెట్‌కు చేరాం. పాప్రికా పొడి అక్కడే కొన్నాం. గుంటూరు కారం తినే నోటికి వాళ్ల కారం రకం కూడా చప్పగానే ఉంటుంది, కాబట్టి రంగు, వాసన కోసం తియ్య రకమే తీసుకోండి. రేకు డబ్బాల్లోది కానుకలకు బాగుంటుంది కానీ ధర ఎక్కువ. వంటకైతే వెనక వరసలో, అక్కడి ఇల్లాళ్లు కొనే కొట్లలో మామూలు ప్యాకెట్ తీసుకోండి.