ఆత్తంగుడి టైల్స్ కోసం కారైకుడి వెళ్లాం: డబ్బులు ఎక్కడ దండగ, ఎక్కడ సార్థకం

పాత ఇల్లు బాగు చేయించుకునే ఆలోచనలో ఉండి తమిళనాడులోని కారైకుడి వెళ్దామనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, దగ్గర్లోని ఆత్తంగుడి ఊళ్లో చేత్తో చేసే సిమెంటు టైల్స్ కోసం తప్పకుండా వెళ్లండి, కానీ ఫోటోలు చూసి హెరిటేజ్ బంగ్లా అని వేలకి వేలు అడ్వాన్సు కట్టెయ్యకండి. మాకు అక్కడే ఒళ్లు మండింది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూళ్లో మండువా లోగిలి. గానుగ సున్నం గోడలు, టేకు స్తంభాలు, పైన పెంకులు. ముందు చావిడిలో ఎర్ర గచ్చు పగుళ్లిచ్చి లేచిపోయింది. ఊళ్లో మేస్త్రీని పిలిస్తే, విట్రిఫైడ్ టైల్స్ పరిచేసి గోడలకి సిమెంటు ప్లాస్టరింగు చేసి పుట్టీ కొట్టేద్దామండీ, కొత్తిల్లులా అయిపోద్ది అన్నాడు. కొత్తిల్లు కావాలంటే కొత్తదే కట్టుకుంటాం కదా, మా అత్తగారు ఆ మాటకే లేచి లోపలికెళ్లిపోయారు. అలా ముగ్గురం బయల్దేరాం, మా ఆయన దారి పొడుగునా ఫోన్లో లెక్కలేసుకుంటూనే ఉన్నారు.

సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై ఎగ్మోరు, మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి కారైకుడి. ప్రయాణం హాయిగా జరిగింది.

ఇక బస. కానాడుకాత్తాన్ దగ్గర పాత చెట్టియార్ల (అక్కడి వర్తకుల) బంగ్లాని హోటల్ చేశారు, రాత్రికి 8,400 రూపాయలు, ముందే మొత్తం కట్టించుకున్నారు. ముందు హాలు నిజంగా బాగుంది, బర్మా టేకు స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు. కానీ మాకిచ్చిన గది చూడగానే ప్రాణం ఉసూరుమంది. పైన దూలాలు కనపడకుండా ఫాల్స్ సీలింగు, ఏసీ పైపు కోసం ద్వారబంధం పక్కన గోడ తొలిచేసి సిమెంటుతో పూడ్చారు, కింద నేలకి టైల్ బొమ్మలున్న ప్లాస్టిక్ షీటు అంటించారు! ఆత్తంగుడి అక్కడికి కాస్త దూరమే, అక్కడ ప్లాస్టిక్ షీటేంటండీ? అత్తగారు మంచం తలాపి వెనక గోడ మీద వేలితో కొట్టి చూశారు, డొల్లగా మోగింది. గోరుతో తీస్తే పెయింటు రబ్బరు పొరలా అరచేయంత ఊడొచ్చింది, లోపల సున్నం తడిసి ముద్దగా ఉంది. "చూశావా అమ్మాయ్, గోడకి ఊపిరాడకుండా చేశారు" అన్నారు. సరిగ్గా అదే జరుగుతుంది. సున్నం గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటో, ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింటో వేస్తే ఆ చెమ్మ బయటికెళ్లే దారి లేక లోపలే ఉండిపోయి ఉప్పు పొంగి పెచ్చులూడిపోతుంది. మా మేస్త్రీ చేద్దామన్నది ఇదే.

గది మార్చమని అడిగితే రిసెప్షన్లో అబ్బాయి వేరే ఖాళీ లేదన్నాడు, సగం గదులకి తాళాలేసి ఉన్నాయి. మేనేజర్ని పిలవమంటే ఉదయం వస్తారన్నాడు. ఉదయం ఆయనొచ్చి, పాత ఇల్లంటే కొంచెం చెమ్మ మామూలే మేడమ్ అన్నాడు. అత్తగారు యాభై ఏళ్లుగా పాతింట్లోనే కాపరం చేస్తున్నారు, ఆవిడకి చెప్తున్నాడు! రెండో రాత్రి డబ్బులు తిరిగివ్వలేదు. మేం కారైకుడి బస్టాండు దగ్గర 1,300కి మామూలు లాడ్జికి మారిపోయాం, శుభ్రంగా ఉంది, వేడినీళ్లొచ్చాయి, అత్తగారు ఆ రాత్రే కంటి నిండా నిద్రపోయారు.

కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి గురించి అందరూ చెప్తారు. వారసులు ఎక్కువైపోయి పంచుకోలేక పడగొట్టేసిన బంగ్లాల తలుపులు, స్తంభాలు, ఎనామెల్ గిన్నెలు అన్నీ అక్కడే అమ్ముతారు. చూడ్డానికి గంటలు సరిపోవు. కానీ ఒక షాపులో వందేళ్ల బర్మా టేకు తలుపని 38,000 చెప్పాడు, మా ఆయనకి బేరం కుదిరిపోయేలా ఉంది, ఆ తలుపు తిప్పించి కుసి (చెక్కలో చెక్క దిగే కొస) పెట్టే రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే లోపల చెక్క పచ్చగా, కొత్తగా ఉంది. పైనే రంగు పులిమి పాతది చేశారు. పైపైన చూసి కొనకండి, కుసి రంధ్రాలు, వెనక పక్క, మేకులు చూడండి. ఇంకో షాపులో రెండు ఇత్తడి గొళ్లేలు 1,900కి తీసుకున్నాం, బరువు చూస్తేనే తెలిసిపోయింది మంచివని.

ఇప్పుడు అసలు సంగతి. ఆత్తంగుడిలో చిన్న చిన్న షెడ్లలో చేస్తారు. మేం వెళ్లిన షెడ్డులో ముగ్గురే పనివాళ్లు. గాజు పలక నూనె గుడ్డతో తుడిచి, దాని మీద చట్రం పెట్టి, లోపల పువ్వు ఆకారంలో గదులున్న ఇత్తడి అచ్చు దించుతారు. ఒక్కో గదిలోకి చిన్న గరిటెతో ఒక్కో రంగు సిమెంటు నీళ్లు పోస్తారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అచ్చు నెమ్మదిగా పైకి తీస్తే రంగులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడిపోతాయి, కలవవు! మా ఆయన లెక్కలాపి ఫోన్ జేబులో పెట్టేసింది అప్పుడే. పైన పొడి ఇసుక సిమెంటు చల్లి, దాని మీద గార వేసి తాపీతో నొక్కి, ఆరాక నీళ్ల తొట్టెలో నానబెడతారు. బట్టీలో కాల్చడం అనేదే లేదు. తర్వాత గాజు విడిపోతుంది, ఆ నునుపు గాజుదే. అత్తగారు ఆ పనివాళ్లలో పెద్దాయన పక్కన పీట వేసుకుని కూర్చుండిపోయారు, ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి తమిళం రాదు, గంటసేపు మాట్లాడుకున్నారు.

మేం కొన్నప్పటి రేటు: డిజైన్‌ది చదరపు అడుగు 65, సాదాది 45. చావిడికి తరుగుతో కలిపి 210 అడుగులు డిజైన్‌ది తీసుకున్నాం, 13,650. చెక్కపెట్టెలు, లారీ కలిపి 9,000. పరచడానికి వాళ్ల మేస్త్రీనే పిలిపించండి, మనవాళ్లు రబ్బరు సుత్తితో గట్టిగా కొట్టి మూలలు విరగ్గొడతారు. ఆయనకి అడుక్కి 40, రానుపోను ఖర్చులు, భోజనం మనవే. యాసిడ్ మాత్రం అస్సలు తగలనివ్వకూడదని పెద్దాయన చేతులూపి మరీ చెప్పాడు, సిమెంటు తినేస్తుంది. కొబ్బరినూనె చుక్కలేసి గుడ్డతో తుడుస్తూ, రోజూ నడుస్తుంటే మెరుపు అదే వస్తుంది.

లారీ తొమ్మిదో రోజుకొచ్చింది, పదకొండు పలకలు విరిగాయి, తరుగులోనే సరిపోయింది. చావిడి నేల అయిపోయింది. గోడలకి గానుగ సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి చేసే మేస్త్రీ పెద్దాపురం వైపు ఉన్నాడని తెలిసి మాట్లాడాం, రోజుకి 1,200 అడిగాడు, బేరమాడకుండా ఒప్పుకుని సంక్రాంతి వెళ్లాక రమ్మన్నాం.