మడమ పైన టెండన్ నొప్పి: ఆపరేషన్ లేకుండా పదహారు నెలలు, నేను వాడినవన్నీ

పదహారు నెలలుగా ఎడమ కాలి మడమ పైన టెండన్‌కి వైద్యం చేయించుకుంటున్నాను, కత్తి పడకుండా. ఇదే బాధతో ఉన్నవాళ్ళకి డబ్బూ నెలలూ మిగులుతాయని రాస్తున్నాను.

నా వయసు 46, ఉండేది రాజమండ్రిలో, రోజూ పొద్దున్నే గంటన్నర షటిల్ ఆడేవాడిని. నొప్పి మొదట తెలిసింది ఆటలో కాదు, నిద్ర లేచి కాలు కింద పెట్టినప్పుడు. పది అడుగులు కుంటితే సర్దుకునేది కాబట్టి రెండు నెలలు పట్టించుకోలేదు, ఈలోపు మడమకి మూడు వేళ్ళ పైన చింతగింజంత గట్టిగా ఉబ్బింది. చూసినవాళ్ళందరూ నరం పట్టేసిందన్నారు. అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, అకిలిస్ టెండన్ అంటారు. కండరంతో పోలిస్తే దానికి రక్తం తక్కువగా అందుతుంది, అందుకే మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఈ ఒక్క ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నా టెన్షన్ సగం తగ్గేది.

నేను చేసిన పెద్ద తప్పు పూర్తిగా విశ్రాంతి తీసుకోవడం. ఆరు వారాలు ఆట మానేస్తే నొప్పి పోయింది, మళ్ళీ కోర్టులో దిగిన మూడో రోజుకి ఇంకా ఎక్కువై తిరిగొచ్చింది. బరువు పడకపోతే టెండన్ మరింత బలహీనపడుతుందని తర్వాత తెలిసింది. నువ్వుల నూనె మర్దన, ఉప్పు కాపడం చేసినప్పుడు హాయిగా ఉండేవి, అంతవరకే. నాన్నగారు పుత్తూరు వెళ్ళి కట్టు వేయించుకోమన్నారు, అది విరిగిన ఎముకలకి వేసే కట్టు నాన్నా అని సర్దిచెప్పాను. తర్వాత ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పది రోజులు కరెంటు పెట్టించుకున్నాను, రోజుకి 300. బయటికొచ్చి బండి ఎక్కేసరికి నొప్పి మామూలే.

ఆ తర్వాత పీఆర్‌పీ. మన రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని టెండన్ దగ్గర ఇంజెక్షన్ చేస్తారు. నాకు 12,000 అయింది. నాలుగు రోజులు కాలు కదపలేకపోయాను, రెండు నెలలు చూసినా తేడా లేదు. నా ఒక్కడి అనుభవమే అయితే ఇంత గట్టిగా చెప్పను. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందికి, 2021లో బ్రిటన్‌లో 240 మందికి ఇదే జబ్బు మీద పరీక్ష చేశారు. మొదటిదాంట్లో ఉప్పునీటి ఇంజెక్షన్‌తో, రెండోదాంట్లో ఉత్తి సూదితో పోల్చి చూస్తే ఆరు నెలలకి పీఆర్‌పీ వాళ్ళకి ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. ఆ డబ్బు పెట్టేముందు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

నా కాలిని నిలబెట్టింది మా ఇంటి మెట్టు. రెండో ఫిజియో మేడమ్ ఒక్క రూపాయి సామాను కొనిపించకుండా నేర్పించారు: మెట్టు అంచు మీద ముందు పాదాలు ఆనించి, మంచి కాలితో పైకి లేచి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీదకి మార్చి, మడమని మెల్లగా మెట్టు కిందకి దించాలి. 15 చొప్పున మూడుసార్లు మోకాలు నిటారుగా, మళ్ళీ అన్నే మోకాలు కాస్త వంచి. పొద్దునా సాయంత్రం కలిపి రోజుకి 180, వారమంతా, 12 వారాలు. దీన్ని 1998లో ప్రచురించింది స్వీడన్‌కి చెందిన ఎముకల సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్. ఆయనకే ఈ నొప్పి ఉండేదట, ఆపరేషన్ చేయడానికి పైవాళ్ళు ఒప్పుకోకపోతే టెండన్ తెగిపోతేనైనా చేస్తారని కాలిని ఇలా కష్టపెడితే నొప్పే తగ్గిపోయిందట.

మొదటి మూడు వారాలు నొప్పి పెరిగింది. నేను భయపడి మానేయబోతే మేడమ్ ఒక లెక్క చెప్పారు, నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేసుకుంటే అది అయిదు దాటకుండా ఉండి, మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే కొనసాగించొచ్చని. ఐదో వారంలో పొద్దుటి పట్టు తగ్గడం తెలిసింది. నొప్పి లేకుండా దించగలిగాక మా అబ్బాయి స్కూలు బ్యాగులో కందిపప్పు ప్యాకెట్లు వేసుకుని చేశాను, రెండు కిలోలతో మొదలుపెట్టి ఎనిమిది దాకా. 12 వారాలకి ముప్పాతిక వంతు తగ్గింది, మిగతాదానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. నొప్పి సరిగ్గా మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంటే మాత్రం మడమ మెట్టు కిందకి దించకూడదు, నేల మీదే చేయాలి.

మధ్యలో షాక్‌వేవ్ కూడా తీసుకున్నాను, అంటే నొప్పి ఉన్నచోట మెషీన్‌తో గట్టి తరంగాలు కొట్టించడం. వారానికొకటి చొప్పున అయిదు, ఒక్కోటి 1,500. నాకైతే కొంత ఉపయోగపడింది, కానీ వ్యాయామంతో పాటు తీసుకున్నాను కాబట్టి ఎంత దానిదో విడదీసి చెప్పలేను. వ్యాయామం మానేసి ఇదొక్కటే చేయించుకుంటానంటే వద్దనే చెప్తాను.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకచోట ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఈ టెండన్‌కి దానివల్ల తెగే ప్రమాదం ఉంది. నా షటిల్ పార్ట్‌నర్ మోచేతికి చేయించుకుంటే రెండు వారాల్లో నొప్పి మాయమైంది, నాలుగో నెలలో రెట్టింపై వచ్చింది. ఇంకో మాట, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ని దెబ్బతీయొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర జ్వరమొస్తే షాపులో అడిగి కొనేసుకుంటారు, టెండన్ నొప్పి ఉన్నవాళ్ళు దయచేసి డాక్టరుకి చెప్పండి. వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఠప్‌మని అయి, మునివేళ్ళ మీద లేవలేకపోతే ఇవేవీ చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. తెగినా, తొందరగా వెళ్తే పాదం కిందకి వంచి కట్టే పిండికట్టుతో, దానికోసమే ఇచ్చే బూటుతో చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది.

పోయిన నెల అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. మర్నాడు కాలు కింద పెట్టడానికి భయపడుతూ మంచం అంచు మీద కాసేపు కూర్చున్నాను. కాస్త పట్టింది, నాలుగు అడుగుల్లో పోయింది. ఊరొచ్చాక ఆ సాయంత్రమే మెట్టు ఎక్కి మళ్ళీ 15 చొప్పున దించాను.