లడింగ్టన్‌లో సాల్మన్ వేట, ఆపైన 150 డాలర్ల వాత

క్రెడిట్ కార్డు బిల్లులో ఆ 150 డాలర్లు కనబడకపోతే ఇదంతా రాసేవాణ్ణి కాదు. మేం దిగిన మోటెల్ గదిలో చేపల వాసన వచ్చిందట, శుభ్రం చేయించిన ఖర్చట. మేం పట్టిన చేపలు ఆ మోటెల్ గుమ్మం తొక్కితే ఒట్టు. ఆ కథకి తర్వాత వస్తాను.

ఈ ప్రయాణానికి మూలం మా మావయ్యగారు. ఆయనది గోదావరి లంక ఊరు. గాలంతో మొదలుపెట్టి వల దాకా అన్నీ చేత్తో చేసిన మనిషి. చికాగో పక్కన మా నేపర్‌విల్ ఇంట్లో రెండు నెలలు టీవీ ముందు కూర్చుని కూర్చుని, ఒకరోజు "అల్లుడుగారూ, ఇక్కడేదో పెద్ద చెరువుందంట కదా, అందులో చేపలుండవా?" అన్నారు. ఆయన చెరువన్నది మిషిగన్ సరస్సుని. 307 మైళ్ళ పొడవు, 118 మైళ్ళ వెడల్పు, లోతైన చోట 923 అడుగులు. చేపలు లేకేం! సాల్మన్, ట్రౌట్ వేటకి ఆ సరస్సు తూర్పు ఒడ్డున లడింగ్టన్‌కి మంచి పేరుంది. మిషిగన్ రాష్ట్రంలో గాలానికి పడ్డ అతి పెద్ద కింగ్ సాల్మన్, 47.86 పౌన్లది, 2021 ఆగస్టులో ఆ ఊరి దగ్గరే పడింది. ఇంకేం, 2024 ఆగస్టులో ఒక శుక్రవారం బయల్దేరాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మావాడు, మావయ్యగారు. డెట్రాయిట్ వైపు నుంచి మా బావమరిది తన కారులో వచ్చి కలిశాడు. ఐదుగురం. లైసెన్సున్న చిన్న చార్టర్ పడవల్లో (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చేవి) ఆరుగురికి మించి ఎక్కించుకోరు కాబట్టి సరిపోయాం.

మాకు నాలుగున్నర గంటల డ్రైవింగ్. చికాగో వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అక్కడ టైము మనకన్నా గంట ముందు. పడవవాడు ఐదింటికి రమ్మంటే మన ఒంటికి అది నాలుగు.

ఇక మోటెల్. "సరస్సు కనిపించే గదులు, వేటకి వచ్చేవారికి ప్రత్యేక సదుపాయాలు, తెల్లవారుజామునే అల్పాహారం, చేపలు దాచుకోవడానికి ఫ్రీజర్" అని రాసుకున్నారు. రెండు గదులు, రెండు రాత్రులు, గదికి రాత్రికి 189 డాలర్లు. పన్నులతో 840 దాటింది. సరస్సు కనబడిన మాట నిజమే. కారు పార్కింగ్‌లో చెత్తడబ్బా పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న రెండు భవనాల మధ్య సందులోంచి తొంగిచూస్తే నీలంగా జానెడు గీత. ఐస్ మెషీన్ మీద "పనిచేయదు" అని కాగితం అంటించారు. ఆ కాగితం ఎండకి పసుపుపచ్చబడిపోయింది, అంటే అది పోయి ఎంతకాలమైందో ఊహించుకోండి. ఫ్రీజర్ ఏదని అడిగితే, కౌంటర్లో కూర్చున్నాయన ఫోన్లోంచి తలెత్తకుండా "అది స్టాఫ్‌కి" అన్నాడు. మరి వెబ్‌సైట్లో ఉందే అన్నాను. "వెబ్‌సైట్ నేను రాయలేదు" అన్నాడు. ఆ మాటకి మా బావమరిది నవ్వాడు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది. తెల్లవారుజాము అల్పాహారం ఆరున్నరకట. సాల్మన్ వేటకి వెళ్ళేవాడు ఆరున్నరకి సరస్సు మధ్యలో ఉంటాడు!

ఆ రాత్రి హోటల్లో మావయ్యగారు బర్గర్ రెండు కొరుకులు కొరికి పక్కన పెట్టేశారు. "చప్పిడి తిండి బాబూ, గదికెళ్ళి నా పెరుగన్నం నేను తింటాను" అన్నారు. సరే అన్నాం. మావాడు తాతయ్య గదిలో పడుకున్నాడు.

ఎనిమిదిన్నరకి మేం మాట్లాడుకున్న పడవ కెప్టెన్ ఫోన్ చేశాడు. నైరుతి గాలి జోరుగా ఉంది, అలలు ఆరడుగుల దాకా లేస్తాయి, చిన్న పడవలకి హెచ్చరిక ఇచ్చారు, రేపు వద్దు. అడ్వాన్సు 200 డాలర్లు వెనక్కిమ్మంటే ఇస్తాను, లేదా ఆదివారం పొద్దున ఖాళీ ఉంది రండి అన్నాడు. బతిమాలించుకోలేదు, కోత వేయలేదు. ఇదే మాట మోటెల్లో అడిగి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు.

శనివారం స్టేట్ పార్కులో గడిచిపోయింది. బావమరిది కారు మిషిగన్‌ది, నంబర్ ప్లేటు రెన్యూ చేసేటప్పుడే పార్కు పాస్ కూడా కట్టేశాడు కాబట్టి అందులో వెళ్ళాం. మా ఇల్లినాయ్ కారైతే అప్పట్లో రోజుకి 11 డాలర్లు కట్టాల్సొచ్చేది. బిగ్ సేబుల్ దీపస్తంభం దాకా నడక బాగుంది. సాయంత్రం బొగ్గుతో నడిచే ఎస్.ఎస్. బ్యాడ్జర్ ఓడ అవతలి ఒడ్డు నుంచి రేవులోకి వస్తుంటే ఊరంతా గట్టు మీదే ఉంది. పార్కు నుంచి వస్తూ ఫిషింగ్ లైసెన్సులు తీసుకున్నాం: ఒక్కరోజుకి మనిషికి 10 డాలర్లు, రాష్ట్రం వాడైనా బయటివాడైనా అంతే. 17 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు.

ఆదివారం నాలుగున్నరకల్లా సామాను కార్లో పెట్టేసి, తాళాలు డబ్బాలో పడేసి వెళ్ళిపోయాం. బోణీయే ఒక గొడవ. మా ఆవిడ దారిలో తినడానికని అరటిపళ్ళు తెచ్చింది. కెప్టెన్ సంచీలోకి చూసి పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు. పడవ మీద అరటిపండుంటే చేప పడదని వాళ్ళ నమ్మకం. మావయ్యగారికి ఇది అస్సలు మింగుడుపడలేదు. "గుడికెళ్ళినా పెళ్ళికెళ్ళినా అరటిపండే కదయ్యా, ఈయనకిదేం పాడుబుద్ధి?" అంటూ గట్టు మీదే నిలబడి రెండు తినేశారు. మిగతావి కార్లో పెట్టొచ్చాం.

చీకట్లోనే రేవు దాటాం. ముందురోజు నైరుతి గాలి వెచ్చటి నీళ్ళని ఈ ఒడ్డుకి తోసేసింది, చల్లటి నీళ్ళు కిందికి దిగిపోయాయి, చేపలూ వాటితోపాటే దిగాయి అని కెప్టెన్ గొణిగాడు. తూర్పుగాలి వీస్తే అంతా తిరగబడి చల్లనీళ్ళు ఒడ్డుకే వస్తాయట. సాల్మన్‌కి యాభై డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం కావాలి, అది మనం చెమటోడ్చే డిగ్రీల లెక్క కాదు, ఫారెన్‌హీట్. అందుకని పన్నెండు పౌన్ల సీసపు గుండుకి క్లిప్పుతో గాలం తీగ తగిలించి ఎనభై, తొంభై అడుగుల లోతుకి దింపుతారు. దాన్ని డౌన్‌రిగ్గర్ అంటారు. ఎర నిజమైంది కాదు, అరచేతి పొడవు రేకు స్పూన్లు. సహాయకుడుగా ఉన్న కుర్రాడు ఒక్కొక్క స్పూన్‌నీ టార్చిలైటు ముందు పట్టుకుని పది లెక్కపెట్టేవాడు. లైటు తీసేస్తే అది చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతోంది. మావాడికి ఆ పని అప్పగించారు. వాడికి ఆ రోజంతా అదే పండగ.

గంటకి రెండు మైళ్ళ పైచిలుకు వేగంతో పడవ నడుస్తూనే ఉంటుంది. వంగి ఉన్న రాడ్ ఒకటి ఠక్కున నిటారుగా లేచి, వెంటనే నీళ్ళలోకి కుంగింది. అంటే చేప కొట్టి, క్లిప్పులోంచి తీగ ఊడిందన్నమాట. మొదటి వంతు మావయ్యగారిది. రాడ్ చేతికిచ్చారో లేదో రీల్ కీచుమంటూ తిరిగింది, నిమిషంలో రెండువందల అడుగుల తీగ పోయింది. ఆయన పాత అలవాటు కొద్దీ ఎడంచేత్తో తీగని పట్టుకోబోయారు. కుర్రాడు ఒక్క అరుపు అరిచాడు. ఆ వేగంలో తీగ పట్టుకుంటే వేళ్ళు తెగుతాయి. మావయ్యగారు ముందు బిక్కచచ్చిపోయి, తర్వాత పట్టుదలకి పోయారు. రాడ్ మొదలు పొత్తికడుపుకి ఆనించి, పైకి ఎత్తడం, దించుతూ చుట్టడం, మళ్ళీ ఎత్తడం. పడవ దగ్గరకొచ్చిన చేప కుర్రాడి వలని చూసి మళ్ళీ వంద అడుగులు లాక్కుపోయింది. ఇరవై నిమిషాలు. వలలో పడ్డాక ఆయన మాట్లాడలేదు, మోకాళ్ళ మీద కూర్చుని వేలితో దాని మొప్పని కొంచెం ఎత్తి చూశారు. పద్దెనిమిది పౌన్ల కింగ్.

మాత్ర వేసుకోనని భీష్మించుకున్న మా బావమరిది ఏడున్నర నుంచి పడవ అంచు వదల్లేదు. వాంతి మాత్ర ముందే, పడవ ఎక్కకముందే వేసుకోవాలి. మా ఆవిడ వేసుకుంది, హాయిగా రెండు చేపలు పట్టింది.

మధ్యలో చేప ఆడని గంటలో కెప్టెన్ చెప్పిన కథ నాకు బాగా నచ్చింది. మేం వేటాడే చేపల్లో ఈ సరస్సు సొంతది లేక్ ట్రౌట్ ఒక్కటే. కింగ్, కోహో అనే సాల్మన్‌లు, రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ వైపువి, బ్రౌన్ ట్రౌట్ యూరప్‌ది. సముద్రం నుంచి కాలవల దారిన లాంప్రే అనే నెత్తురు పీల్చే జీవి వచ్చి లేక్ ట్రౌట్‌ని మట్టుబెట్టింది. తినేవాళ్ళు లేక ఏల్‌వైఫ్ అనే చిన్నచేప పుట్టలు పుట్టలుగా పెరిగింది. 1967లో అవి చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తే బీచ్‌లు కంపుకొట్టాయి. ఆ ఏల్‌వైఫ్‌ని తినడానికే హోవర్డ్ టానర్ అనే ఆయన పూనుకుని అంతకు ముందటేడే, 1966లో కోహోని, మరుసటేడు కింగ్‌ని తెచ్చి వదిలించాడు. ఇదంతా తర్జుమా చేసి చెబితే మావయ్యగారు "చేపని తినడానికి చేపని తెచ్చారు సరే, ఆ చిన్నచేప అయిపోతే ఇదేం తింటుంది?" అన్నారు. కెప్టెన్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు. పక్కనున్న హ్యూరాన్ సరస్సులో సరిగ్గా అదే జరిగింది, 2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలింది, వెనకాలే కింగ్ వేటా పోయింది అన్నాడు.

పదిన్నరకి ఒడ్డు చేరాం. మూడు కింగ్‌లు, ఒక రెయిన్‌బో, మూడు లేక్ ట్రౌట్‌లు. మనిషికి ఐదు దాకా ఉంచుకోవచ్చు, ఆ దరిదాపులకి వెళ్ళలేదు. లేక్ ట్రౌట్‌ని పడవలవాళ్ళు జిడ్డుచేప అని తీసిపారేస్తారు, నిజంగానే జిడ్డే. చేపలు కోసి ముక్కలు సంచుల్లో కట్టివ్వడం పడవకి మాట్లాడుకున్న 700 డాలర్లలోనే ఉంది. ఇక్కడే మావయ్యగారి గుండె తరుక్కుపోయింది. కుర్రాడు రెండు గాట్లతో కండ తీసేసి తల, తోక, చేప జన అన్నీ పీపాలో విసిరేస్తున్నాడు. "పులుసుకి తలకాయే ప్రాణం, ఆపమనండి అల్లుడుగారూ!" ఆపాను. రెండు తలలు దక్కాయి. మూడోదానికి తోకకి ముందు వీపు మీద ఉండాల్సిన చిన్న రెక్క లేదు. అలా రెక్క కత్తిరించిన చేప హేచరీలో పెంచి వదిలింది, దాని ముక్కులో మిల్లీమీటరు పొడవు లోహపు తీగ ముక్క ఉంటుంది, దాని మీది అంకెల్ని బట్టి ఎప్పుడు ఎక్కడ వదిలారో తెలుస్తుంది, ఆ తల ప్రభుత్వం వాళ్ళకి అప్పగిస్తే మంచిదని కెప్టెన్ అడిగాడు. మావయ్యగారు చాలాసేపు ఆలోచించి, ఇచ్చేశారు.

కుర్రాడికి 140 టిప్పు. పడవ, టిప్పు, లైసెన్సులు కలిపి 880. ముప్పై పౌన్ల ముక్కలొచ్చాయి. రంగు తేరుకున్న బావమరిది కార్లో కూర్చుని, పౌను 29 డాలర్లు, మోటెల్ కలిపితే 57 అని లెక్క తేల్చాడు. మా ఆవిడ "నువ్వు సరస్సుకి తిరిగిచ్చిన టిఫిను కూడా కలుపు" అంది.

ఒక మాట. ఈ సరస్సు పెద్దచేపల కొవ్వులో పీసీబీలనే రసాయనాలు చేరతాయి. చర్మం, పొట్ట కింది కొవ్వు తీసేసి, కొవ్వు కారిపోయేలా కాల్చుకోమని రాష్ట్ర ఆరోగ్యశాఖ చెబుతుంది. పులుసులో ఆ కొవ్వంతా పులుసులోనే ఉంటుంది. అందుకని చిన్నదైన రెయిన్‌బోని చర్మం తీసి పులుసు పెట్టాం, కింగ్ ముక్కలు గ్రిల్ మీదికెళ్ళాయి. తలకాయల పులుసు మావయ్యగారు ఒక్కరే తిన్నారు, ఎవరి మాటా వినకుండా. మీరు వెళితే మోటెల్ వద్దు, వంటిల్లున్న కాటేజీ చూసుకోండి. కెప్టెన్‌తో మాత్రం కళ్ళు మూసుకుని మళ్ళీ వెళ్తాను.

వారం తర్వాత ఆ 150 పడింది. అదీ రెండు గదుల్లో ఒక్కదానికే, తాతామనవళ్ళు పడుకున్నదానికి. ఫోన్ చేస్తే మళ్ళీ ఆయనే, "చేపల వాసన" అన్నాడు. బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. 4:35కి తాళాలు డబ్బాలో వేస్తున్న ఫోటో, 10:40కి రేవులో చేపలతో ఫోటో జతచేసి, "మా గదిలోకి ఒక్క చేప కూడా రాలేదు" అని రాశాను. ఐదు వారాలకి డబ్బు తిరిగొచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విజయగర్వంతో ఈ సంగతి చెబుతుంటే మావాడు కంచంలోంచి తలెత్తి, "తాతయ్య పెరుగన్నంలోకి ఎండురొయ్యలు మైక్రోవేవ్‌లో వేడిచేసుకున్నారుగా, రెండు రాత్రులూ" అన్నాడు.

మా ఆవిడ నావైపు చూసింది. నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "రొయ్య చేపెలా అవుద్దండీ?" అన్నారు.