స్మార్ట్ స్విచ్‌లో క్యూఓఎస్: కొన్నేళ్లు వాడాక

మా ఆఫీసులో 24 పోర్టుల గిగాబిట్ స్మార్ట్ స్విచ్‌లు (సెట్టింగులు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్‌లు) రెండున్నాయి. పై అంతస్తులో ఒకటి, కింద ఒకటి, రెంటినీ కలుపుతూ మొదట్లో ఒకే ఒక్క కేబుల్ ఉండేది. ఐపీ ఫోన్లు, సిస్టమ్స్, కెమెరాలు పైన. బ్యాకప్ దాచే స్టోరేజ్, కెమెరాల రికార్డర్, రౌటర్ కింద. గొడవంతా ఆ ఒక్క కేబుల్ మీదే. పట్టపగలు ఎవరైనా పెద్ద బ్యాకప్ మొదలుపెడితే చాలు, ఫోన్‌లో మాట ముక్కలై వినిపించేది. క్యూఓఎస్ (రద్దీలో ఏ ట్రాఫిక్ ముందు పోవాలో నిర్ణయించే సదుపాయం) ఉందనే ఈ స్విచ్‌లు కొన్నాం. అందులో ఏది పనికొచ్చింది, ఏది పేరుకే ఉంది అన్నది ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఫోన్ల బాధ తీరింది, మళ్లీ రాలేదు. దానికోసం చేసింది కూడా పెద్దగా ఏమీ లేదు. మెనూలో పోర్టును బట్టి, 802.1పి ని బట్టి, డీఎస్సీపీని బట్టి అని మూడు పద్ధతులున్నాయి. చివరి రెండూ ప్యాకెట్‌కి ఎంత ప్రాధాన్యమో చెప్పే గుర్తులు. నా ఓటు డీఎస్సీపీకే. 802.1పి గుర్తు వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీసే పద్ధతి) ట్యాగ్‌లో 3 బిట్లుగా ఉంటుంది, ట్యాగ్ లేకపోతే గుర్తూ లేదు. డీఎస్సీపీ ఐపీ హెడర్‌లోనే 6 బిట్లుగా ఉంటుంది కాబట్టి, దారిలో ఎవరూ మార్చకపోతే ప్యాకెట్ వెంటే వస్తుంది. మా ఫోన్లు మాటల ప్యాకెట్లకు 46 అని వేసి పంపిస్తాయి. ఆ 46ని, ప్యాకెట్లు వంతు కోసం ఆగే నాలుగు క్యూల్లో అన్నిటికంటే పైదానికి కట్టి, దాన్ని స్ట్రిక్ట్ ప్రయారిటీలో పెట్టాం. మిగతా మూడూ వెయిటెడ్ రౌండ్ రాబిన్‌లో, అంటే ఇచ్చిన వెయిట్‌ను బట్టి వంతులవారీగా నడుస్తాయి.

స్ట్రిక్ట్ అంటే పై క్యూలో ప్యాకెట్ ఉన్నంతసేపు కింది క్యూలకు వంతు రాదు. మాటలకు భయం లేదు. జీ.711 (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) కాల్ ఒక్కో వైపుకు మామూలుగా సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు, మొత్తం 100 కిలోబిట్లలోపే. గిగాబిట్‌లో అలాంటి కాల్స్ ఎన్ని నడిచినా లెక్కలోకి రావు. కెమెరాల వీడియోను కూడా స్ట్రిక్ట్‌లోకి ఎక్కించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, నేను మాత్రం ఎక్కించను. రికార్డింగ్ అర సెకను ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. కెమెరాలన్నీ కలిసి కేబుల్ నింపిన రోజున మాత్రం కింద ఉన్న క్యూలు ఎండిపోతాయి. వీడియోకి కాస్త ఎక్కువ వెయిట్ ఇస్తే సరిపోతుంది.

802.1పి పట్టిక తెరిచిన ప్రతి కొత్తవాడూ ఒకచోట ఆగుతాడు. 0, 3 గుర్తులు కింది నుంచి రెండో క్యూలో ఉంటాయి, 1, 2 మాత్రం అట్టడుగున. స్విచ్ తప్పు కాదది. ప్రమాణంలోనే 1 అంటే బ్యాక్‌గ్రౌండ్, మామూలు ట్రాఫిక్ అయిన 0 కంటే తక్కువ. మాన్యువల్‌లో ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఇక నచ్చని సంగతి, రేట్ లిమిట్. పోర్టులోకి వచ్చే ట్రాఫిక్‌కి 100 మెగాబిట్ల హద్దు పెడితే, ఫైల్ కాపీ 100 దగ్గర నిలబడదు. ఎగుడుదిగుడుగా దాని కింద ఎక్కడో తిరుగుతుంది. హద్దు దాటిన ప్యాకెట్‌ను స్విచ్ ఆపి ఉంచదు, అక్కడికక్కడే పారేస్తుంది. ప్యాకెట్ పోయిందని తెలియగానే, కాపీని నడిపే టీసీపీ వేగం బాగా తగ్గించుకుని మళ్లీ మెల్లగా పెంచుకుంటుంది, మళ్లీ హద్దు తగులుతుంది. బర్స్ట్ సైజు (కాసేపు హద్దు దాటనిచ్చే మోతాదు) పెంచుకునే వీలుంటే కొంత నయం, ఇందులో ఆ వీలే లేదు. అదే హద్దును బయటికెళ్లే వైపు పెడితే ప్యాకెట్లు క్యూలో ఆగి వరసగా పోతాయి, వేగం నిలకడగా ఉంటుంది. నేను అటువైపే వాడతాను.

ఫ్లో కంట్రోల్ (నిండిపోయినవాళ్లు కాసేపు పంపొద్దని అవతలివాళ్లకు చెప్పే ఏర్పాటు) ఆఫ్ చేసి ఉంచాను. 802.3ఎక్స్ పాజ్ సందేశం వచ్చిందంటే ఫోన్, బ్యాకప్ తేడా లేకుండా ఆ పోర్టు మొత్తం ఆగుతుంది. ఇంత కష్టపడి ప్రయారిటీలు పెట్టుకుని దాన్ని ఆన్‌లో ఉంచడంలో అర్థం లేదు.

నాకున్న అతి పెద్ద ఫిర్యాదు లెక్కల పేజీ గురించి. పోర్టు మొత్తానికి ఎన్ని ప్యాకెట్లు పోయాయో చూపిస్తుంది గానీ ఏ క్యూలో పోయాయో చూపించదు. పోయినవి బ్యాకప్‌వైతే హాయిగా నిద్రపోవచ్చు, ఫోన్లవైతే టెన్షన్. ఆ సంగతే తెలియకపోతే సెట్టింగ్ పనిచేస్తోందో లేదో చెవితో విని తేల్చుకోవాల్సిందే.

వైఫైలో ఫోన్ యాప్ వాడేవాళ్లకు ఇంకో తిరకాసు. చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్సీపీలో పై 3 బిట్లే చూసి వరస నిర్ణయిస్తాయి. అలా చూస్తే 46 కాస్తా 5 అవుతుంది, మాట వీడియో వరసలోకి జారుతుంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్ని 6కి, అంటే మాటల వరసకి కట్టమంటుంది. యాక్సెస్ పాయింట్‌లో ఆ పట్టిక మార్చుకునే వీలుందో లేదో చూసుకోండి, ఇందులో స్విచ్ చేయగలిగింది లేదు. ఇంటర్నెట్ లైన్ నిండిపోయినప్పుడూ అంతే. రద్దీ పేరుకునేది రౌటర్ దగ్గర కాబట్టి మందు అక్కడే వేయాలి.

"ఇంకో కేబుల్ వేసి రెంటినీ లాగ్‌గా, అంటే ఒకే లింక్‌లా కలిపేస్తే ఇదంతా ఎందుకు?" అని అడిగేవాళ్లుంటారు. మేమూ వేశాం. కానీ ఒక బ్యాకప్ కనెక్షన్ రెండు కేబుళ్ల మీదా పంచుకుని పోదు, అడ్రసులను బట్టి స్విచ్ వేసే హ్యాష్ లెక్క ప్రకారం ఏదో ఒకదాన్నే పట్టుకుని దాన్నే నింపేస్తుంది. కొన్ని కాల్స్ కూడా అదే కేబుల్ మీద పడతాయి. అందుకే 46 వరస ఇప్పటికీ అలాగే ఉంది. ఈసారి కొనేటప్పుడు 10 గిగాబిట్ల అప్‌లింక్ (స్విచ్‌లను కలిపే పోర్టు), క్యూల వారీ డ్రాప్ లెక్క, రెండూ ఉన్న మోడల్ కోసమే చూస్తాను. ఒక్కటే దొరికేలా ఉంటే మాత్రం లెక్క ఉన్నదానికే నా మొగ్గు.