పొడుగాటి ఇంగ్లిష్ మాటలు విడగొట్టడానికి మెరియమ్-వెబ్‌స్టర్ ఆన్‌లైన్ నిఘంటువు

పిల్లలకు పొడుగాటి ఇంగ్లిష్ మాటలు చదవడం నేర్పేవాళ్లకు ఉచితంగా దొరికేవాటిలో ముందు తెరవాల్సింది ఇదే. కాకపోతే చాలామంది చూడాల్సిన చోటు వదిలేసి పక్కది చూస్తారు.

మాట వెతకగానే చుక్కలతో విడిపోయి కనిపిస్తుంది. అవి సిలబుల్స్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలు, అనుకోకండి. అచ్చులో వరస చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడ విరవొచ్చో చెప్పే గుర్తులవి. ‘అన్‌బిలీవబుల్’కు చుక్కల ప్రకారం నాలుగే ముక్కలు, చివరి ‘ఏబుల్’ ప్రత్యయాన్ని విరవరు. పక్కనే ఉన్న ఉచ్చారణలో హైఫన్ల మధ్య ముక్కలు లెక్కపెడితే ఐదు: అన్-బి-లీ-వ-బుల్. నోటికి కావాల్సింది ఈ ఐదే. చుక్కలు చూసి ముక్కకో చప్పట్టు కొట్టిస్తే ఒకటి తగ్గుతుంది.

ఉచ్చారణలో పైన ఉండే చిన్న నిలువు గీత, తన తర్వాతి సిలబుల్‌ని నొక్కి పలకమని చెబుతుంది. మనకు అసలు ఉపయోగం ఇక్కడే. మనం ‘ఫొటోగ్రాఫర్’ అని ‘గ్రా’ దగ్గర సాగదీస్తాం. ఇందులో ఫ-టా-గ్ర-ఫర్ అని, గీత ‘టా’ ముందు ఉంటుంది. మనం సాగదీసే ‘గ్ర’ ఇక్కడ పొట్టిది. మనకు అలవాటు లేదు కాబట్టి వింతగా ఉంటుంది. స్పీకర్ బొమ్మ నొక్కి రెండుసార్లు వింటే చెవి ఒప్పుకుంటుంది. అర్థం కోసం విడదీస్తే అదే మాట ఫొటో అంటే వెలుగు, గ్రాఫ్ అంటే రాత, చివర చేసేవాణ్ని చెప్పే ‘అర్’. నోటుబుక్కులో ఈ రెండు విభజనలూ కలపొద్దు. పై వరస పలకడానికి, కింది వరస అర్థానికి.

అర్థపు ముక్కలకు పేజీ కిందికి జరిపి ‘ఎటిమాలజీ’, అంటే మాట పుట్టుక, చూడాలి. హెలికాప్టర్‌ని అందరూ ‘హెలి’, ‘కాప్టర్’ అని కోస్తారు. అసలు గ్రీకు ముక్కలు మెలిక అనే అర్థమున్న ‘హెలిక్స్’, రెక్క అనే అర్థమున్న ‘ప్టెరాన్’. అంటే ‘ప్ట’ రెక్కలోది, విడదీయకూడదు. పలికేటప్పుడు మాత్రం సరిగ్గా అక్కడే విరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. ముందు వచ్చేది అమెరికన్ ఉచ్చారణ, అందుకే ‘షెడ్యూల్’ వెతికితే ‘స్కెజూల్’ ఎదురవుతుంది. ఉచ్చారణలో కుండలీకరణాల్లో ఉన్న శబ్దం పలికినా, వదిలేసినా సరే. ‘కంఫర్టబుల్’కి మూడు సిలబుల్స్, నాలుగు సిలబుల్స్ రెండూ ఇచ్చారు. ఈ సంగతి తెలియక పిల్లల జవాబు తప్పని కొట్టేయకండి. ‘లీ’ చేరిన చాలా మాటలకు విడిగా అర్థం ఉండదు, మూలపదం పేజీలోనే వెతుక్కోవాలి. ఉచిత పేజీలో ప్రకటనలూ అడ్డొస్తాయి. తరగతిలో తెర మీద చూపేకంటే ముందురోజే పది మాటలు చూసి బోర్డు మీద రాయడం మేలు.